ప్రాణానికీ మార్కులే!

కాలేయ మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్లు ఎందరో. దొరికే కాలేయాలు కొన్నే. ముందు ఎవరికివ్వాలో తేల్చడానికి చాలా దేశాలు నమ్ముకున్నది ఒక లెక్కని. రక్తపరీక్షలే ప్రశ్నపత్రం. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకే ముందు పిలుపు. మరి ఆ మార్కులు అందరికీ న్యాయంగానే పడుతున్నాయా?

అర్ధరాత్రి పన్నెండు గంటలు. ఆస్పత్రిలో ఫోను మోగింది. రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయిన ఓ యువకుడి అవయవాలు దానం చేయడానికి అతని కుటుంబం ఒప్పుకుంది. కాలేయం బాగుంది. కొద్ది గంటల్లోనే దాన్ని మరొకరికి అమర్చాలి. జాబితాలో అదే బ్లడ్‌గ్రూపువాళ్లు ముగ్గురున్నారు.

మొదటి వ్యక్తికి 58 ఏళ్లు. సిరోసిస్‌తో కాలేయం గట్టిపడిపోయింది. కళ్లు పచ్చబడ్డాయి. పొట్టలో నీరు చేరింది.

రెండో ఆమెకి 32 ఏళ్లు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. జబ్బు అదే, తీవ్రతా అంతే.

మూడో వ్యక్తికి 50 ఏళ్లు. చూడటానికి బాగానే ఉన్నాడు. కానీ కాలేయంలో మూడు సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉంది. ముగ్గురిలో జాబితాలో ముందు చేరింది ఇతనే.

ముగ్గురూ మనం ఊహించుకున్న మనుషులే. కానీ ఇలాంటి రాత్రులు మాత్రం నిజం. మీరైతే ఆ కాలేయాన్ని ఎవరికిస్తారు? పిల్లల తల్లికా, పెద్దాయనకా, ముందొచ్చి నిలబడ్డవాడికా? ఒకరికిస్తే మిగతా ఇద్దరూ ఏమవుతారో ఎవరూ చెప్పలేరు. అందుకే డాక్టర్లు ఈ బరువుని ఒక అంకె మీద పెట్టారు.

ముందొచ్చినవాళ్లకి ముందు!

అమెరికాలోని డెన్వర్‌లో డాక్టర్ థామస్ స్టార్జల్ మనిషికి మొట్టమొదటిసారి కాలేయ మార్పిడి చేసింది 1963లో. ఆ బాబు బతకలేదు. 1967లో చేసిన ఆపరేషన్‌తో రోగి ఏడాదికి పైగా జీవించడంతో ఆశలు చిగురించాయి. 1980ల్లో మెరుగైన మందులు వచ్చాక మార్పిడి మామూలు చికిత్స అయింది. దాంతోపాటే క్యూ కూడా పెరిగింది.

మూత్రపిండాలు చెడిపోతే డయాలసిస్ ఉంది. దాని మీద ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. కాలేయం విషయంలో అలా ఏళ్లపాటు ఆదుకునే యంత్రమేదీ లేదు. ఇక్కడ క్యూలో వెనకబడటమంటే ప్రాణం పోగొట్టుకోవడమే.

మొదట్లో అమెరికాలో పద్ధతి తేలిగ్గా ఉండేది. రోగి ఎక్కడున్నాడో చూసేవారు. ఐసీయూలో ఉంటే ముందు, వార్డులో ఉంటే ఆ తర్వాత, ఇంట్లో ఉంటే చివర. ఒకే వరసలో ఉన్నవాళ్లలో ఎవరు ఎక్కువకాలం ఎదురుచూస్తే వాళ్లకి. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఏమైంది? జబ్బు ముదరకముందే రైల్లో బెర్తు రిజర్వు చేసుకున్నట్టు జాబితాలో పేరు రాయించుకోవడం మొదలైంది. ఆలస్యంగా జబ్బు బయటపడిన పేదవాడు ఎంత ప్రమాదంలో ఉన్నా వెనకే. కొన్ని ఆస్పత్రుల మీదైతే అవసరం లేకపోయినా రోగుల్ని ఐసీయూలో పడుకోబెట్టారన్న ఆరోపణ వచ్చింది. చికాగోలో అలాంటి కేసులు 2003లో ప్రభుత్వానికి సొమ్ము చెల్లించే రాజీలతో ముగిశాయి.

1995లో బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్‌కి జాబితాలో చేరిన రెండురోజులకే కాలేయం దొరికింది. ఏళ్ల తరబడి తాగినవాడు, పైగా క్యాన్సర్. ‘పేరున్నవాడు కాబట్టే ఇచ్చారు’ అని దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ ప్రాంతంలో అందరికన్నా ఎక్కువ జబ్బుతో ఉన్నది ఆయనేనని డాక్టర్లు చెప్పారు. నిజమే కావచ్చు. కానీ బయటివాళ్లు సరిచూసుకునేందుకు ఒక కొలత ఉంటే కదా! ఆపరేషనైన రెండు నెలలకే మాంటిల్ చనిపోయాడు.

1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తేల్చిచెప్పింది... ఎంతకాలం ఎదురుచూశారన్నది సరైన కొలమానం కాదు, జబ్బు తీవ్రతనే చూడాలి అని. మరి తీవ్రతని కొలిచేదెలా?

మూడు పరీక్షలు... ఒక అంకె

సమాధానం అనుకోకుండా దొరికింది. మిన్నెసోటాలోని మేయో క్లినిక్ వైద్యులు కాలేయంలో రక్తపోటు తగ్గించడానికి చిన్న గొట్టం అమర్చే చికిత్స చేసేవారు. దాని తర్వాత ఎవరు ఎంతకాలం బతుకుతారో ముందే చెప్పేందుకు 2000లో ఓ సూత్రం తయారుచేశారు. అదే సూత్రం సిరోసిస్ రోగులందరికీ పనికొస్తుందని డాక్టర్ ప్యాట్రిక్ కామత్ బృందం మరుసటి ఏడాది నిరూపించింది. దాని పేరే మెల్డ్. 2002 ఫిబ్రవరి 27 నుంచీ అమెరికాలో కాలేయాల పంపకానికి అదే ప్రాతిపదిక అయింది.

మెల్డ్‌కి కావలసినవి మూడే రక్తపరీక్షలు... బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్. మార్కులు 6 నుంచి 40 దాకా. ఎన్ని ఎక్కువొస్తే ప్రాణానికి అంత ముప్పు. తొమ్మిదీ అంతకన్నా తక్కువా ఉన్నవాళ్లలో మూడునెలల్లో చనిపోయేవారు నూటికి ఇద్దరు. 40 వస్తే నూటికి దాదాపు 71 మంది. డాక్టరు దయాదాక్షిణ్యాలతో పనిలేదు. పొట్టలో నీరు ‘కొంచెమా, బాగానా’ అన్న వాదనా లేదు. రోగి ఎవరైనా ల్యాబు కాగితం ఒకటే. ఉన్నట్టుండి కాలేయం పూర్తిగా చేతులెత్తేసినవాళ్లని మాత్రం ఈ లెక్కతో పనిలేకుండా అందరికన్నా ముందు పెట్టారు.

ఫలితం కనిపించింది. ఊరికే జాబితాలో చేరేవాళ్లు తగ్గారు. ఎదురుచూస్తూ చనిపోయేవాళ్లూ తగ్గారు. అంతకుముందు తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగులు క్యూలోనే ఎక్కువగా చనిపోయేవారు. మెల్డ్ వచ్చాక ఆ తేడా పోయిందని 2008లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. అంకెకి మనిషి రంగు తెలియదు మరి!

కానీ అదే అధ్యయనం ఇంకో మాటా చెప్పింది. ఆడవాళ్లకి మాత్రం అన్యాయం జరుగుతోందని.

ఆమెకి మూడు మార్కులు తక్కువ

మన ముగ్గురి దగ్గరికి మళ్లీ వెళ్దాం. పెద్దాయనకి బిలిరుబిన్ 4, ఐఎన్‌ఆర్ 2, క్రియాటినిన్ 1.3 అనుకోండి. పిల్లల తల్లికి మొదటి రెండూ అంతే. క్రియాటినిన్ మాత్రం 1. మొదటి మెల్డ్ సూత్రం ప్రకారం లెక్కేస్తే ఆయనకి 22 మార్కులు. ఆమెకి 19. కాలేయం ఆయనకే.

అంటే ఆయన మూత్రపిండాలు ఎక్కువ దెబ్బతిన్నాయనా? కాదు! క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. సాధారణంగా ఆడవాళ్లకి కండ తక్కువ కాబట్టి రక్తంలో క్రియాటినిన్ కూడా తక్కువే ఉంటుంది. మగవాడికి 1.3 ఉన్నా ఆడమనిషికి 1 ఉన్నా మూత్రపిండాలు దాదాపు ఒకేలా పనిచేస్తున్నట్టు లెక్క. జబ్బు ఒకటే, మార్కులు మూడు తక్కువ. పైగా మార్కులు కలిసొచ్చినా ఇంకో అడ్డంకి. దాత భారీమనిషి అయితే ఆ కాలేయం చిన్నపాటి శరీరంలో పట్టదు.

సూత్రం రాసినవాళ్లకి ఆడవాళ్లంటే పక్షపాతమేమీ లేదు. సూత్రంలో ఆడా మగా అన్న మాటే లేదు. ఆ మాట లేకపోవడమే ఆమె కొంప ముంచింది!

ఈ సంగతి తెలిశాక సరిదిద్దడానికి ఎంతకాలం పట్టిందో తెలుసా? పదిహేనేళ్లు. 2016లో సోడియంని లెక్కలో చేర్చారు. 2023 జులైలో ‘మెల్డ్ 3.0’ అమల్లోకి వచ్చింది. ఇందులో అల్బుమిన్ కూడా చేరింది. మహిళలకి అదనంగా 1.33 మార్కులు కలిపారు. సోడియం, అల్బుమిన్ మామూలుగానే ఉన్నాయనుకుని కొత్త సూత్రంతో లెక్కేస్తే పెద్దాయనకి 22, ఆమెకి 20. తేడా మూడు నుంచి రెండుకి తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

బిలిరుబిన్: పచ్చకామెర్లకి కారణమయ్యే పదార్థం. కాలేయం దీన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది.
ఐఎన్‌ఆర్: రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే సంఖ్య. గడ్డకట్టే ప్రొటీన్లని కాలేయమే తయారుచేస్తుంది.
క్రియాటినిన్: మూత్రపిండాల పనితీరుకి గుర్తు. కాలేయం దెబ్బతింటే వాటి మీదా భారం పడుతుంది.
సోడియం: ఒంట్లో నీరు చేరేకొద్దీ రక్తంలో తగ్గుతుంది. తగ్గితే ప్రమాద సూచన.
అల్బుమిన్: కాలేయం తయారుచేసే ముఖ్యమైన ప్రొటీన్. కాలేయం నీరసించినా పోషణ చాలకపోయినా తగ్గుతుంది.

క్యాన్సర్‌కి మార్కుల్లేవు

మూడో వ్యక్తి సంగతేంటి? ఆయన కాలేయం ఇంకా బాగానే పనిచేస్తోంది. మెల్డ్ 8 దాటదు. రక్తపరీక్షలకి గడ్డ కనిపించదు కదా! కానీ ఆ గడ్డ ఓ హద్దు దాటి పెరిగితే మార్పిడికే పనికిరాడు. ఒక్కటే గడ్డ అయితే 5 సెంటీమీటర్లు, మూడు దాకా ఉంటే ఒక్కోటీ 3 సెంటీమీటర్లు మించకూడదని 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు గీసిన గీత అది. అంటే ఆయనకి ఇప్పుడు ఆరోగ్యం ఉంది. కాలమే లేదు.

అందుకని ఇలాంటివాళ్లకి గ్రేస్ మార్కులు ఇచ్చారు. 2002లో మరీ చిన్న గడ్డకి 24, కాస్త పెద్దదానికి 29. మన మూడో వ్యక్తికి ఒక్కసారిగా 8 నుంచి 29! క్యాన్సర్ రోగులు వరసగా ముందుకొచ్చేయడంతో సిరోసిస్ రోగులు వెనకబడ్డారు. ఏడాది తిరిగేసరికే గ్రేస్ మార్కులు తగ్గించాల్సి వచ్చింది. ఆ తర్వాత మరీ చిన్న గడ్డలకి పూర్తిగా ఎత్తేశారు. 2015లో ఆరునెలలు ఆగాకే ఇవ్వాలన్నారు. 2019లో ఆ ప్రాంతంలో సగటున ఎన్ని మార్కులకి కాలేయం దొరుకుతోందో చూసి అంతకన్నా మూడు తగ్గించి ఇవ్వడం మొదలుపెట్టారు. త్రాసులో ఒకవైపు చిటికెడు వేస్తే రెండోవైపు లేస్తుంది. ఇన్నేళ్లుగా ముల్లుని మధ్యకి తెచ్చే ప్రయత్నమే నడుస్తోంది.

ఏ ఊళ్లో ఉన్నారు?

మార్కులు సరే. మీరుండే ఊరికీ మార్కులుంటాయా? ఉండేవి! చాలాకాలం అమెరికాలో కాలేయాన్ని ముందు స్థానికులకే ఇచ్చేవారు. కొన్నిచోట్ల దాతలు ఎక్కువ, రోగులు తక్కువ. ఇంకొన్నిచోట్ల అంతా తిరగబడి ఉండేది. ఒక రాష్ట్రంలో ఓ మోస్తరు మార్కులకే కాలేయం దొరికితే ఇంకో రాష్ట్రంలో మంచానపడితే తప్ప వచ్చేది కాదు.

యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఉండేది కాలిఫోర్నియాలో. 2009లో ఆయనకి మార్పిడి జరిగింది టెనెసీలోని మెంఫిస్‌లో. అక్కడ నిరీక్షణ తక్కువ. ఒకటికన్నా ఎక్కువచోట్ల పేరు నమోదు చేసుకోవడం నిబంధనల ప్రకారం తప్పేమీ కాదు. పిలుపు రాగానే గంటల్లో అక్కడ వాలిపోగలగాలి... అంతే. ఆ అవకాశం విమానం సిద్ధంగా ఉన్నవాడికే ఉంటుంది! 2020 ఫిబ్రవరి నుంచి ఈ సరిహద్దులు తీసేసి, దాత ఉన్న ఆస్పత్రి చుట్టూ వలయాలు గీసి అందులో ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్లని ముందు చూస్తున్నారు.

మార్కులు దిద్దేస్తే?

అంకె అబద్ధం చెప్పదంటారు. దాన్ని రాసే చెయ్యి చెప్పొచ్చు. 2012లో జర్మనీని కుదిపేసిన కుంభకోణం అదే. గోట్టింగెన్‌లో కొందరు రోగుల వివరాల్ని తారుమారు చేసినట్టు బయటపడింది. డయాలసిస్ జరగకపోయినా జరిగినట్టు రాశారు. అప్పటి మెల్డ్ లెక్కలో డయాలసిస్ మీద ఉన్నవారి క్రియాటినిన్‌ని 4గా తీసుకునేవారు. దాంతో ఒక్క అబద్ధానికి 13 మార్కుల దాకా కలిసొచ్చేవి. ఆ మేరకు ముక్కూమొహం తెలియని రోగి ఎవరో వెనక్కి పోయేవారు. కేసు ఎదుర్కొన్న డాక్టరుని 2015లో కోర్టు విడిచిపెట్టింది. చేసింది తప్పే అయినా అప్పటి చట్టం ప్రకారం శిక్షించలేమంది. జనం మాత్రం క్షమించలేదు. తర్వాతి సంవత్సరాల్లో జర్మనీలో అవయవదానాలు తగ్గిపోయాయి. నమ్మకం పోతే కాలేయమే రాదు. ఇక పంచేదేముంది?

అయిదేళ్లు దాటితే లెక్కలేదు

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. ఎవరికి ఎక్కువ జబ్బు అని కాకుండా, ఎవరికిస్తే ఎక్కువ ప్రయోజనం అని అడిగింది. 2018 మార్చి నుంచీ అక్కడ కంప్యూటరే ఆ లెక్క వేస్తోంది. రోగికి సంబంధించి 21 అంశాలు, దాతవి 7 చూసి... మార్పిడి చేస్తే ఎంతకాలం బతుకుతారు, చేయకపోతే ఎంతకాలం అని అంచనా వేస్తుంది. రెండింటి తేడాయే మార్కు.

బాగుందే, పిల్లల తల్లికే వస్తుందిగా అనిపిస్తోందా? ఆగండి. ఈ లెక్క అయిదేళ్ల దాకానే చూస్తుంది. అర్థం కావడానికి ఓ ఉదాహరణ అనుకుందాం. మార్పిడి చేస్తే ఆమెకి అయిదేళ్లలో 4.8 ఏళ్లు, చేయకపోతే 2 ఏళ్లు. తేడా 2.8. పెద్దాయనకి చేస్తే 4.5, చేయకపోతే 1.2. తేడా 3.3. కాలేయం మళ్లీ ఆయనకే! కొత్త కాలేయంతో ఆమె మరో ముప్ఫై ఏళ్లు బతికి పిల్లల పెళ్లిళ్లు చేయవచ్చు. కానీ ఆరో ఏడు నుంచీ ఆమె జీవితం కంప్యూటరుకి కనిపించదు. యువ రోగులకి ఈ పద్ధతిలో మార్కులు పడటం కష్టమవుతోందని 2023లో బ్రిటిష్ పత్రికలు బయటపెట్టాయి. 2024లో వచ్చిన ఓ అధ్యయనమూ వయసు ప్రభావం మితిమీరి ఉందని చెప్పింది. వయసు మళ్లినవాళ్లని పక్కన పెట్టకూడదన్నదీ న్యాయమే. వయసులో ఉన్నందుకు శిక్ష పడకూడదన్నదీ న్యాయమే.

మన ఇంట్లో లెక్క ఎవరు చూస్తారు?

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవడానికి లేదు. మనదేశంలో మరణానంతర అవయవదానాలకి 1994లోనే చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ‘జీవన్‌దాన్’ మొదలైంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేర్వేరుగా నడుస్తోంది. కాలేయాన్ని పంచే పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల దాత ఉన్న ఆస్పత్రికి మొదటి అవకాశం, ఆ తర్వాత ఆస్పత్రుల వరస. సొంత రాష్ట్రంవాళ్లే నమోదు చేసుకోవాలన్న నిబంధననీ, 65 ఏళ్ల వయోపరిమితినీ 2023లో కేంద్రం తొలగించింది.

అయితే మన దగ్గర అసలు కథ జాబితాలో లేదు. మనదేశంలో జరిగే ప్రతి అయిదు కాలేయ మార్పిడుల్లో సుమారు నాలుగు బతికున్న దాతలతోనే. దాతలు దాదాపుగా ఇంట్లోవాళ్లే. అక్కడ మెల్డ్ లేదు, కంప్యూటరు లేదు. భోజనాల బల్ల దగ్గరో ఆస్పత్రి వరండాలోనో నిర్ణయం జరిగిపోతుంది. ‘ఆయన సంపాదించేవాడు కదా, నేనిస్తాను’ అని భార్య ముందుకొస్తుంది. ‘నా బిడ్డకి నేనివ్వనా’ అని తల్లి కొంగు బిగిస్తుంది. మరి జబ్బు ఆమెకే వస్తే?

జాతీయ అవయవమార్పిడి సంస్థ నోటో లెక్కలు చూడండి. 1995 నుంచి 2021 దాకా అన్ని అవయవాలూ కలిపి 36,640 మార్పిడులు జరిగితే... 29 వేలకు పైగా మగవాళ్లకి. ఆడవాళ్లకి ఏడువేలు కూడా లేవు. బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లే! అమెరికాలో ఆమెకి తగ్గింది మూడు మార్కులు. ఇక్కడ ఆమె పరీక్ష దాకా కూడా రావడం లేదు. 2025 ఆగస్టులో నోటో రాష్ట్రాలకి ఓ సలహా పంపింది. ఎదురుచూస్తున్న మహిళలకీ, ఇంతకుముందు అవయవదానం చేసిన కుటుంబాలవాళ్లకీ అవసరమొస్తే ప్రాధాన్యమివ్వమని. మంచిదే. కానీ అది జాబితాలో చేరినవాళ్లకే. చేరాలంటే ముందు ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లక్షల ఖర్చుకి ఇల్లు సిద్ధపడాలి.

మెల్డ్ తప్పుల్లేని లెక్కేమీ కాదు. కానీ అందులో ఒక గొప్పతనం ఉంది. సూత్రం అందరి ముందూ ఉంది కాబట్టే ఆడవాళ్లకి అన్యాయం జరుగుతోందని తెలిసింది, 1.33 కలిసింది. గడ్డలకి ఎక్కువిచ్చారని తెలిసింది, తగ్గించారు. తప్పుని పట్టుకోవాలంటే ముందు లెక్క రాసి ఉండాలి. ఇంట్లో మనం చేసే నిర్ణయాలకి లెక్క ఉండదు, అందుకే తప్పూ కనపడదు.

ఇంతకీ ఆ అర్ధరాత్రి కాలేయం ఎవరికి వెళ్లింది? పాతకాలపు క్యూ అయితే క్యాన్సర్ రోగికి. ఒట్టి మెల్డ్ అయితే పెద్దాయనకి. గ్రేస్ మార్కులు కలిపిన 2002లో అయితే మళ్లీ క్యాన్సర్ రోగికి. సరిదిద్దిన 2023 సూత్రంతోనూ ఆ పిల్లల తల్లి పెద్దాయన వెనకే ఉంది. ఏ లెక్క వేసినా ఇద్దరు మిగిలిపోతారు. ఆ ఇద్దరికీ ఏ సూత్రమూ సాయం చేయలేదు. ఇంకో ఇంట్లో, అలాంటి కష్టంలోనే, ఇంకెవరో ‘సరే, దానం చేస్తాం’ అంటే తప్ప.